క్యాంపర్‌కి మాన్యువల్ వ్యానా, ఆటోమేటిక్ ఫోర్ బై ఫోర్ పికప్పా?

గోదారిగట్టు: బండిలోనే ఉండి తిరిగేలా క్యాంపర్ కట్టించాలి. ఇద్దరికి పడక, చిన్న వంటగట్టు, 80 లీటర్ల నీళ్ల ట్యాంకు కావాలి. ఎక్కువగా అరకు, మారేడుమిల్లి, లంబసింగి, ఎప్పుడైనా హిమాచల్‌లోని స్పితి. ఒకటి ఫోర్స్ అర్బేనియా: 350 ఎన్‌ఎం టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), 5 గేర్ల మాన్యువల్, వెనక చక్రాల డ్రైవ్. రెండోది ఇసుజు వి-క్రాస్ ఆటోమేటిక్, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాల డ్రైవ్): 360 ఎన్‌ఎం, వెనక ట్రేలో క్యాంపర్ బాడీ. ఏది మేలు?

నల్లమల_ఘాట్: అర్బేనియా తీసుకోండి. స్పితి తప్ప మీరు చెప్పిన ఘాట్‌లన్నీ తారు రోడ్లే. వి-క్రాస్‌ది పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్ (కావాలన్నప్పుడే వేసేది), ముందు వెనక ఇరుసుల వేగాల తేడా సర్దే సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. పొడి తారు మీద 4హెచ్ (మామూలు గేర్లతో నాలుగు చక్రాల డ్రైవ్) వేస్తే ఆ తేడా పోయే దారి లేక షాఫ్టులు బిగుసుకుంటాయి, టైర్లు రాసుకుపోతాయి. కాబట్టి అరకు ఘాట్‌లో అదీ వెనక చక్రాల బండే. హిమాచల్ ఆర్టీసీ బస్సులు సీజన్‌లో కుంజుమ్ కనుమ మీదుగా స్పితిలోని కాజా వెళ్తున్నాయి, వాటికి ఫోర్ బై ఫోర్ ఉందా?

డీజిల్_మావయ్య: తమ్ముడూ, బస్సుకి పెద్ద టైర్లు, ఎత్తైన ఛాసిస్ ఉంటాయి, వ్యాన్‌తో పోల్చకు. నా అభ్యంతరం చక్రాల గురించి కాదు, క్లచ్ గురించి. టార్క్ రెండిటికీ దాదాపు సమానమే. 4,500 మీటర్ల ఎత్తులో గాలి పలచన. టర్బో అందుకునేలోపు డీజిల్ ఇంజిన్‌లో ప్రాణం ఉండదు. రాళ్ల ఎక్కుడులో ఆగిన బండిని కదపాలంటే ఆర్‌పీఎమ్ పెంచి హాఫ్ క్లచ్‌లో లాగాలి. రెండు మూడుసార్లకే ప్లేటు కాలిన వాసన వస్తుంది. ఎత్తు మీదికి రివర్స్ చేయడం కూడా అంతే. ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్‌లో ఆ జారుడంతా ఆయిల్‌లోనే జరుగుతుంది, ఇంజిన్ బూస్ట్ అందుకునేదాకా ఓపిక పడుతుంది. 4ఎల్ (వేగం తగ్గించి లాగుడు పెంచే నాలుగు చక్రాల డ్రైవ్) వేస్తే ఇంకా నింపాదిగా పాకుతుంది. అదే అసలు లాభం.

నల్లమల_ఘాట్: క్లచ్ మాట నిజమే మావయ్యా. కానీ పికప్ ఎంత మోస్తుందో చూశారా? ఆర్‌సీలో గ్రాస్ వెయిట్ (నిండు బండి బరువు పరిమితి)లోంచి అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) తీసేయండి. మిగిలిన దాంట్లోనే మనుషులు, 80 కిలోల నీళ్లు, బాడీ, బ్యాటరీ అన్నీ సర్దాలి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే 50 కిలోలు దాటుతుంది, 18 ఎంఎం ప్లైవుడ్ షీటు 30 కిలోల పైమాటే. పికప్‌లో ఆ బరువంతా వెనక ఇరుసు మీదా దాని వెనకా పడుతుంది. ముందు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. వ్యాన్‌లో ట్యాంకుని రెండు ఇరుసుల మధ్య, ఫ్లోర్‌కి ఆనించి పెట్టుకోవచ్చు.

ఇరుసు: ఇద్దరూ ఎక్కుడు గురించే వాదిస్తున్నారు, ప్రాణం పోయేది దిగుడులో. ఎక్కిన గేర్‌లోనే దిగాలి. ఆటోమేటిక్‌ని డీలో వదిలేస్తే పై గేర్‌కి మారిపోయి ఇంజిన్ పట్టు పోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ లోపలికి దిగిపోతుంది. మాన్యువల్ మోడ్‌లో రెండో గేర్ పట్టి ఉంచండి. గేర్‌బాక్స్ ఆయిల్‌ని బండితో ఇచ్చే పుస్తకంలో బరువు పనికి చెప్పిన గడువుకే మార్చండి, మామూలు గడువు చూడొద్దు.

చౌకగా వస్తుందని ఏఎంటీ (గేర్లు తనే మార్చుకునే మాన్యువల్ గేర్‌బాక్స్) బండి మీద మాత్రం క్యాంపర్ కట్టించవద్దు. లోపల ఉండేది మామూలు క్లచ్చే, నొక్కేది మోటారు. ఘాట్‌లో లారీ వెనక పాకితే వేడెక్కి చేతులెత్తేస్తుంది.

మారేడుమిల్లి లోపలి బురద దారుల సంగతి: ఫోర్ బై ఫోర్ ఉన్నా ఒక్కో ఇరుసులో ఒక్కో చక్రం గాల్లోకి లేస్తే, డిఫ్ లాక్ (ఇరుసు రెండు చక్రాలనీ కలిపి తిప్పేది) గానీ ట్రాక్షన్ కంట్రోల్ (జారే చక్రాన్ని బ్రేకుతో పట్టేది) గానీ లేని బండి అక్కడే తిరుగుతూ నిలబడుతుంది. నున్నటి హైవే టైర్లతో ఏ డ్రైవ్ అయినా వృథా.

గోదారిగట్టు: మరి కొనేముందు ఏం చూసుకోవాలి?

డీజిల్_మావయ్య: ఖాళీ బండితో టెస్ట్ డ్రైవ్ చేసి నిర్ణయించుకోకండి. షోరూం వాళ్లను అడిగి ఇసుక బస్తాలతో 400 కిలోలు వేయించండి, ఆర్‌సీ పరిమితి దాటకుండా. వేబ్రిడ్జి మీద ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించి, బండి ప్లేటు మీది పరిమితులతో పోల్చండి. తర్వాత నిటారు ఫ్లైఓవర్ ర్యాంపు మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ మీదనుంచి కదిలించండి. మాన్యువల్ అయితే ఖాళీ చోట ఓ ఎత్తు మీదికి రివర్స్‌లో ఎక్కించండి. వణికినా, వాసన వచ్చినా స్పితికి ఆ బండి వద్దు.

నల్లమల_ఘాట్: స్పితి ఎప్పుడో ఒకసారి వెళ్లేది. ఏడాదంతా పడుకునేది ఆ బండిలో. నా ఓటు ఇప్పటికీ వ్యాన్‌కే, ట్యాంకు 50 లీటర్లకు తగ్గించి.