ఫాంటసీ నవలలో లోపం చూపిస్తే "అది మీ టేస్ట్" అంటున్నారు, మరి విమర్శ అనేది ఎక్కడ మొదలవుతుంది?

నీలిసిరా:
ఈ మధ్య ఒక ఫాంటసీ సిరీస్ మూడు భాగాలూ చదివి రివ్యూ రాశాను. అందులో హీరోయిన్ మంత్రం వాడిన ప్రతిసారీ ఆమెకి ఒక జ్ఞాపకం పోతుంది. మొదటి భాగంలో వాళ్లమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయి, రాక, పక్కవాళ్లని "మా అమ్మ ఎలా మాట్లాడేది?" అని అడిగే సీన్ ఉంది, అది చదివాక కాసేపు పేజీ తిప్పబుద్ధి కాలేదు. తీరా చివరి యుద్ధంలో అదే మంత్రాన్ని ఎడాపెడా వాడేస్తుంది, ఒక్క జ్ఞాపకమూ పోదు, ఎందుకు పోలేదని కథలో ఎవరూ అడగరు. ఇదే రాశాను. దాంతోపాటు రాజవంశాల చరిత్ర బోర్ కొట్టిందని, వర్ణనలు సాగదీశారని కూడా రాశాను. కింద అందరిదీ ఒకటే మాట, అది మీ టేస్ట్, నచ్చకపోతే చదవకండి అని. ఒకరైతే ఫాంటసీలో లాజిక్ ఏంటండీ అన్నారు. ఇది నాకు అస్సలు మింగుడు పడట్లేదు. అంతా టేస్టే అయితే పుస్తకాల గురించి మాట్లాడుకోవడం దేనికి?

మూడోపేజీ:
జ్ఞాపకాల సంగతి టేస్ట్ ఎలా అవుతుందండీ? ఆ షరతు మీరు పెట్టింది కాదు, రచయితే పెట్టారు, దాని మీదే మొదటి భాగంలో మనల్ని ఏడిపించారు, అవసరం వచ్చేసరికి వదిలేశారు. డ్రాగన్లు ఎలా ఎగురుతాయని ఎవరైనా అడిగితే అప్పుడు ఫాంటసీలో లాజిక్ ఏంటి అనొచ్చు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ 1939లో అద్భుత కథల గురించి ఇచ్చిన ఉపన్యాసంలో చెప్పిందే ఇది. రచయిత కట్టిన లోకంలో ఆ లోకపు నియమాల ప్రకారం జరిగేదంతా మనకి నిజమే, కానీ ఎక్కడైనా అపనమ్మకం పుట్టిందంటే మంత్రం వీగిపోయినట్టే అన్నాడాయన.

వంశచరిత్ర బోర్ అన్నది మాత్రం నేను ఒప్పుకోను. మ్యాపులు, పుస్తకం చివర ఇచ్చే అనుబంధాలు ముందు చదివి తర్వాత కథలోకి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అదే బాపతు. ఆ చరిత్ర తర్వాత కథలో ఎక్కడా పనికిరాలేదని చూపించగలిగితే అప్పుడు అది విమర్శ.

రాత్రిచదువరి:
టేస్ట్‌ని మరీ అంత తీసిపారేయకండి. 1956లో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మీద వచ్చిన రెండు రివ్యూలు చూడండి. కవి ఆడెన్ దాన్ని ఆకాశానికెత్తేశాడు, విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ అదేదో పిల్లల పుస్తకం చేయి దాటిపోయినట్టుందని చీల్చి చెండాడాడు. ఇద్దరూ ఆషామాషీ పాఠకులేం కాదు. ఈ పుస్తకం మీద మధ్యస్థంగా అభిప్రాయం ఉన్నవాళ్లే కనపడటం లేదని ఆడెన్ తన రివ్యూలోనే రాశాడు. నాకు ఆ రెండూ పనికొచ్చేవే, ఎందుకంటే ఎవరికి ఏం కావాలో అందులో తెలిసిపోతుంది. విల్సన్‌కి ఎదిగిన మనుషుల అంతర్మథనం కావాలి, ఆడెన్‌కి అన్వేషణ కథలంటే ప్రాణం. కాబట్టి బోర్ కొట్టిందని రాయండి, తప్పులేదు, కాకపోతే మీరు ఎలాంటి పుస్తకాలు ఇష్టపడతారో కూడా ఒక వాక్యం రాయండి, మీ అభిరుచి నాకు పడుతుందో లేదో నేను చూసుకుంటాను.

వానచినుకు:
ఇంత సీరియస్‌గా ఎందుకు? అలసిపోయి కాలక్షేపానికి చదివేవాళ్లు ఉంటారు, వాళ్ల సంతోషం మీద నీళ్లు చల్లకుండా ఉంటే చాలు. టోల్కీన్ పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా, ఆయనకి ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన డ్యూన్ నవల బొత్తిగా నచ్చలేదు, 1966లో ఒక ఉత్తరంలో ఆ మాట చెప్పి, ఇలాంటప్పుడు తోటి రచయిత గురించి మాట్లాడకపోవడమే న్యాయం అన్నాడు.

మూడోపేజీ:
@వానచినుకు అది తోటి రచయిత పాటించాల్సిన మర్యాద. డబ్బూ టైమూ పెట్టి మూడు భాగాలు చదివిన పాఠకురాలు నోరు మూసుకోవాలంటే ఎలా? పుస్తకాన్ని అంటే ఇష్టపడ్డవాళ్లని అన్నట్టు కాదు కదా.

నీలిసిరా:
థ్యాంక్సండీ అందరికీ. ఒక్కటి మిగిలింది. వర్ణనలు సాగదీశారన్నది ఏ లెక్కలోకి వస్తుంది? అది చూపించడం ఎలా?

రాత్రిచదువరి:
పేజీ తెరిచి చూపించడమే. ఫాంటసీ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1973 నాటి ఒక వ్యాసంలో ఏం చేసిందంటే, ఒక ఫాంటసీ నవలలోని సంభాషణ తీసుకుని అందులో నాలుగైదు పదాలు మాత్రం మార్చింది. మారిస్తే అది వాషింగ్టన్ రాజకీయ నాయకుల కబుర్లలా తయారైంది! శైలి బాగోలేదని పది పేరాలు రాయక్కర్లేకుండా ఆ భాషలో మాయ లేదని కళ్లముందు పెట్టేసింది. మీరూ అలాగే ఒక వర్ణన ఎంచుకుని అందులో ఏ వాక్యాలు తీసేసినా కథకీ, వాతావరణానికీ లోటు రాదో చూపించండి. ఒక్క పేరా చాలదు, మంచి రచయితకీ ఒక చెడ్డ పేరా దొరుకుతుంది, వేర్వేరు భాగాల్లోంచి తీయండి. వాక్యాలు తీసేసి చదివినప్పుడు ఆ చోటు కళ్లముందు కనపడటం మానేసిందంటే మాత్రం అది సాగదీత కాదు, మీకు నిదానంగా నడిచే కథ పడదు అంతే, అలాగే రాసేయండి.