భోగికి ముందు ఆదివారం సైకిల్ యాత్ర: 22 మందిమి బ్యారేజీ దాటేదెలా?

రూటు వలంటీరు, విజయవాడ:
అందరికీ నమస్కారం. జర్మనీ నుంచి పండక్కి వస్తున్న సంఘ సభ్యులు, ఇక్కడి బంధువులు కలిపి 22 మంది పేర్లు ఇచ్చారు. రూటు మారలేదు. స్టేడియం దగ్గర బయలుదేరి ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం మీదుగా కరకట్ట ఎక్కి వెంకటపాలెం దాకా వెళ్తాం. తిరుగుదారిలో ఉండవల్లి గుహల దగ్గర ఆగుతాం. 5:30కే కదులుదామని కొందరు అన్నారు కానీ, జనవరిలో ఇక్కడ తెల్లవారేసరికి ఆరున్నర దాటుతుంది. కృష్ణ మీద మంచు ఉంటే ఇంకా ఆలస్యం. 6:45కి ముందు ఒక్క చక్రం కూడా కదలదు. సైకిల్‌కు ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి.

కార్యదర్శి, జర్మనీ:
అన్నగారూ, ఇక్కడ మేము ఎప్పుడూ ఇద్దరిద్దరం పక్కపక్కనే వెళ్తాం. 15 మంది దాటిన గుంపు కలిసికట్టుగా వెళితే చట్టం దాన్ని ఒకే వాహనంగా చూస్తుంది. ముందున్నవారు పచ్చ లైటులో దాటితే, మధ్యలో ఎర్ర లైటు పడినా మిగతావారు వెంట వెళ్లిపోవచ్చు. విజయవాడలోనూ అలాగే వెళ్దామా? ఫొటోలో అందరం ఒకచోటే కనిపిస్తాం.

రూటు వలంటీరు, విజయవాడ:
తమ్ముడూ, మీ చట్టం మంచిదే. బ్యారేజీ మీద ఎదురొచ్చే ఆటో డ్రైవరు దాన్ని చదవలేదు, అంతే.

లెక్క చూడు. సైకిల్ పొడవు, ముందువారితో ఎడం కలిపి మనిషికి 4 మీటర్లు అనుకుందాం. 22 మంది ఒంటి వరసలో దాదాపు 90 మీటర్లు. ఇద్దరిద్దరుగా వెళితే అందులో సగమే, కానీ ఆ సన్నని రోడ్డులో మన వైపు భాగమంతా మనమే ఆక్రమిస్తాం. వెనక బండి అతను ఎంతసేపని ఆగుతాడు? దాటడం మొదలుపెడతాడు. సగంలో ఎదురుగా కారు వస్తే అతనికి దూరడానికి మిగిలే చోటు మన వరస మధ్యే. బ్యారేజీ మీదికి లారీలను రానివ్వరన్న ధీమా వద్దు, మోటారుసైకిలు చాలు.

అందుకే మూడు గుంపులు: 7, 7, 8. ఒంటి వరస. గుంపుకూ గుంపుకూ మధ్య 200 మీటర్ల ఖాళీ, వెనక బండి వచ్చి ఊపిరి పీల్చుకుని ముందుకు పోవడానికి. ప్రతి గుంపుకూ ముందొకరు, చివర ఒకరు ఊరు తెలిసినవారు ఉంటారు. ముందున్నవారి వేగం గుంపులో అందరికంటే నెమ్మదైన మనిషి వేగమే. సిగ్నల్ దగ్గర గుంపు తెగితే తెగనివ్వండి. దాటినవారు అవతల రోడ్డు దిగి ఆగుతారు. ఎర్ర లైటులో ఎవరూ పరుగెత్తకూడదు.

పోయిన ఏడాది నా వెనకే ఒకాయన పడ్డాడు. నేను గుంత చూసి ఒక్క అడుగు కుడికి జరిగాను, నోరు తెరిచి చెప్పలేదు. ఆయన ముందు చక్రం నా వెనక చక్రం పక్కకు వచ్చి ఉంది. తగిలింది. నాకేమీ కాలేదు, ఆయన మోచేయి చీరుకుపోయింది. ఇలాంటప్పుడు పడేది ఎప్పుడూ వెనకవాడే. కనుక చక్రం పక్కన చక్రం పెట్టవద్దు. ముందున్నవారు చూసింది వెనక్కి చెప్పాలి: "గుంత", "ఇసుక", "కుక్క", "ఆగుతున్నాం". ప్రతి ఒక్కరూ ఆ మాటను వెనకవారికి అందించాలి. చెయ్యి ఊపడం మీద ఆధారపడవద్దు. ఇక్కడ కుడిచెయ్యి చాచి ముందుకు ఊపితే "నన్ను దాటి వెళ్లు" అని వెనక బండి అర్థం చేసుకుంటుంది.

వలంటీరు, గుంటూరు:
అద్దె సైకిళ్ల సంగతి నాది కాబట్టి ఒక మాట. జర్మనీలో ముందు బ్రేకు మామూలుగా ఎడమచేతిలో ఉంటుంది. ఇక్కడ ఎక్కువగా కుడిచేతిలో. మీ చేతులు మీకు తెలియకుండానే పాత అలవాటు మీద పోతాయి. వెనక బ్రేకు అనుకుని ముందుది గట్టిగా పట్టేస్తే మనిషి హ్యాండిల్ మీద నుంచి వెళ్లిపోతాడు. స్టేడియం దగ్గరే పది నిమిషాలు తిరిగి, రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూడాలి. హెల్మెట్ మీ దగ్గర తప్పనిసరి కాదని ఒకరు గుర్తు చేశారు. నా సైకిల్ ఎక్కేవారికి తప్పనిసరి.

సభ్యురాలు, జర్మనీ:
ఎడమవైపు వెళ్లడం గుర్తుంటుందా అని నాకు భయంగా ఉంది, మాస్టారూ. పన్నెండేళ్లయింది.

రూటు వలంటీరు, విజయవాడ:
అమ్మా, రద్దీలో గుర్తుంటుంది, చుట్టూ బండ్లే చెబుతాయి. మరిచిపోయేది టీ తాగి మళ్లీ ఎక్కినప్పుడు, ఖాళీ రోడ్డు మీద. ప్రతి ఆగుదల తర్వాతా చివరి మనిషి "ఎడమ" అని కేకేస్తాడు. రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూడండి. హారన్‌కు ఉలిక్కిపడి పక్కకు తిప్పవద్దు. అది తిట్టు కాదు, "వస్తున్నాను" అనడం.

మరొకటి. ధనుర్మాసం కదా, ఊళ్లలో వాకిళ్ల ముందు ముగ్గులు రోడ్డు దాకా ఉంటాయి, మధ్యలో గొబ్బెమ్మలు. ముగ్గు తొక్కించిన సైకిల్ వాడి మీద ఆ ఇల్లాలికి వచ్చే కోపం నేను ఒకసారి చూశాను, మళ్లీ చూడదలచుకోలేదు. అలాగని తప్పించబోయి రోడ్డు మధ్యకు తిప్పేయకూడదు. వేగం తగ్గించండి, అవసరమైతే దిగి నడిపించండి. బ్యారేజీ మీద సెల్ఫీలకు ఆగడం లేదు. ఫొటోలన్నీ గుహల దగ్గరే.

కార్యదర్శి, జర్మనీ:
సరే అన్నగారూ, మూడు గుంపులకు ఒప్పుకుంటున్నాం. పదేళ్ల లోపు పిల్లలు నలుగురు ఉన్నారు, వాళ్లూ రావచ్చా?

రూటు వలంటీరు, విజయవాడ:
కరకట్ట మీదికి వద్దు. దారి ఇరుకు, ఎదురుగా ట్రాక్టర్లు. వాళ్లను కారులో నేరుగా గుహలకు తెప్పించండి. అదే కారులో ప్రథమ చికిత్స పెట్టె, పంపు, రెండు ట్యూబులు పెడతాం. దెబ్బ పెద్దదైతే 108కి ఫోను.

సభ్యురాలు, జర్మనీ:
మూడో గుంపు చివర ఊరు తెలిసినాయనకు సరిగ్గా ముందు నేను ఉంటాను, కేకేయడం నాకు బాగా వచ్చు. మొదటి గుంపువారు మేము చేరకముందే పెసరట్లు ఖాళీ చేయకూడదని కూడా రాసి పెట్టండి.

వలంటీరు, గుంటూరు:
రాశాను. ఇక అందరూ మీ ఎత్తు పంపండి, సీట్లు సరిచేయించాలి. ఇంకా పద్నాలుగు మందివి రాలేదు.