పది రోజుల్లో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

గోదారిగట్టు:
నమస్తే అండి. మే చివర్లో హైదరాబాద్ నుంచి యూరప్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ (66), బాబు (9). శుక్రవారం ఆఫీసు అయ్యాక ఆ రాత్రే బయల్దేరాలి, మరుసటి వారమంతా సెలవు, ఆ పై సోమవారం పొద్దున్నకల్లా ఇక్కడ దిగాలి. అంటే అక్కడ 8 రాత్రులు. ఇప్పటికి వేసుకున్నది: ఆమ్‌స్టర్‌డామ్ 1, పారిస్ 2, ఇంటర్‌లాకెన్ (స్విట్జర్లాండ్) 2, వెనిస్ 1, ఫ్లోరెన్స్ 1, రోమ్ 1. రానూపోనూ ఆమ్‌స్టర్‌డామ్ టికెట్ చౌకగా కనిపిస్తోంది. వీసా ఏ దేశానికి వేయాలి? స్విస్ పాస్ (అక్కడి రైళ్ళు, బస్సులు, పడవలకి ఒకే టికెట్) కొనాలా?

రైలుపెట్టె:
ఆరు ఊళ్ళంటే ఐదుసార్లు పెట్టెలు సర్దాలి. ఊరు మారిన ప్రతిసారీ పదకొండుకి గది ఖాళీ చేయాలి, మూడింటిదాకా కొత్త గది ఇవ్వరు. మధ్యలో రైలు రెండు గంటలే అయినా సగం రోజు పోయినట్టే. పైగా రోమ్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెనక్కి రావడానికి ఇంకో ఫ్లైటు. అది విడిగా కొన్న టికెట్టయితే, ఆలస్యమై హైదరాబాద్ ఫ్లైటు తప్పినా ఎవరూ బాధ్యత తీసుకోరు. చౌక టికెట్ చివరికి చౌక కాదు.

టికెట్ వెతికేటప్పుడు 'మల్టీ సిటీ' ఎంచుకుని హైదరాబాద్–పారిస్, రోమ్–హైదరాబాద్ అని ఒకే బుకింగ్‌లో చూడండి. గల్ఫ్ మీదుగా వెళ్ళే పెద్ద ఎయిర్‌లైన్స్‌కి రెండు ఊళ్ళకూ సర్వీసులున్నాయి. రెండు వన్‌వేలుగా కొంటే చాలాసార్లు ఎక్కువవుతుంది.

నేనైతే మూడు ఊళ్ళే ఉంచుతాను. శని, ఆది, సోమ రాత్రులు పారిస్. మంగళ, బుధ, గురు ఇంటర్‌లాకెన్. శుక్ర, శని రోమ్. ఆదివారం మధ్యాహ్నం ఫ్లైటు.

ఈ వరస వారాలు చూసి వేసిందే. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, అందుకే సోమవారం చూసేసి మంగళవారం రైలెక్కడం. వెర్సాయ్ ప్యాలెస్‌కి సోమవారం సెలవు, వెళ్ళాలనుంటే ఆదివారమే. వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరు, కాబట్టి శనివారం పొద్దున అది, సాయంత్రం కొలోసియం. ఒక్క రోజు అటూ ఇటూ జరిపినా ఈ లెక్క చెడుతుంది.

ఈఫిల్ లిఫ్ట్ టికెట్లు 60 రోజుల ముందు, కొలోసియం టికెట్లు 30 రోజుల ముందు తెరుస్తారు. కొలోసియం టికెట్ మీద పేరుంటుంది, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి.

పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్ దగ్గర గది తీసుకుంటే మెట్రో 1వ లైనులో నేరుగా లూవ్ర్ వెళ్ళొచ్చు, మంగళవారం రైలూ అక్కడే ఎక్కుతారు. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్టులుండవు, అమ్మగారితో ఈ సంగతి మర్చిపోవద్దు. సీన్ నదికి ఉత్తరం వైపున్న హోటళ్ళకి ఎయిర్‌పోర్టు టాక్సీకి ఫిక్స్‌డ్ రేటే. నలుగురు కాబట్టి లోకల్ రైలుతో పోలిస్తే పెద్ద తేడా రాదు.

పాస్‌పోర్ట్_పేజీ:
వీసా సంగతి. ఈ దేశాలన్నిటికీ కలిపి షెంగెన్ అనే ఒకే వీసా. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికి వేయాలి. మీ పాత ప్లానులో వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్ కలిపి ఇటలీకి 3 రాత్రులు, కాబట్టి అది ఇటలీ దరఖాస్తు. పై ప్లానులో ఫ్రాన్స్ 3, స్విట్జర్లాండ్ 3. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం, అంటే ఫ్రాన్స్. అందుకే ముందు రాత్రుల లెక్క తేల్చండి, తర్వాతే వీసా అపాయింట్‌మెంట్ స్లాట్. స్లాట్ దొరికిన దేశానికి వేసేసి హోటల్ బుకింగులు వేరేలా చూపిస్తే రిజెక్ట్ కావడానికి అదే కారణమవుతుంది.

ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి 45. మీకు మొత్తం 315, సర్వీస్ చార్జీ వేరే. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి వేయొచ్చు. నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు, 45 దాకా సాగొచ్చు. మే ప్రయాణానికి ఫిబ్రవరిలోనే వేసేయడం మేలు. ఇన్సూరెన్స్ ఒక్కొక్కరికి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి. పాస్‌పోర్టు తీసుకుని పదేళ్ళు దాటి ఉండకూడదు, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. హోటళ్ళు ఫ్రీ క్యాన్సిలేషన్‌వి పెట్టుకోండి.

మంచుకొండ:
స్విస్ పాస్ మీకు వద్దు, హాఫ్ ఫేర్ కార్డు (టికెట్లు సగం ధరకి ఇచ్చే కార్డు) చాలు. మీ ఖర్చంతా యుంగ్‌ఫ్రావ్‌యోక్ (మంచుకొండల మీద కొండ రైలు చేరే చివరి స్టేషన్) టికెట్‌లోనే ఉంటుంది. స్విస్ పాస్‌తో ఆ కొండ రైలు పైభాగానికి తగ్గేది 25 శాతమే, హాఫ్ ఫేర్‌తో సగం తగ్గుతుంది. పెద్దలు ముగ్గురికీ కార్డులు తీసుకునేటప్పుడు బాబుకి ఫ్యామిలీ కార్డు (పెద్దలతో పిల్లలు ఉచితంగా ప్రయాణించే కార్డు) అడగండి, దానికి డబ్బు తీసుకోరు.

యుంగ్‌ఫ్రావ్ టికెట్ నెల ముందే కొనేయకండి. పైన మబ్బు పడితే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. పొద్దున లేవగానే వెబ్‌క్యామ్ చూడండి. బుధ, గురువారాల్లో తేటగా ఉన్న రోజు పైకి, రెండో రోజు లౌటర్‌బ్రునెన్ జలపాతాలు, బ్రియెంజ్ సరస్సు పడవ. మూడు రాత్రులు పెట్టడంలో అసలు లాభం ఇదే. పైన ఎత్తు 3,454 మీటర్లు. అమ్మగారికి గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే ముందు డాక్టర్‌ని అడగాలి. లేకున్నా మెట్లు నెమ్మదిగానే ఎక్కించండి.

రైళ్ళు: పారిస్ నుంచి బాసెల్ సుమారు 3 గంటలు, అక్కడ మారితే ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌కి 2 గంటలు. 'వెస్ట్' అని ఇంకో స్టేషనుంది, కొండ రైళ్ళు బయల్దేరేది ఓస్ట్ నుంచే, గది ఆ పక్కనే చూసుకోండి. రోమ్ వెళ్ళే రోజు మాత్రం పెద్ద ప్రయాణం: స్పీజ్, మిలాన్ మీదుగా దాదాపు 7 గంటలు. మిలాన్ వచ్చే రైలు ఆలస్యమవడం మామూలే. చౌక హైస్పీడ్ టికెట్‌కి మార్పు ఉండదు కాబట్టి మిలాన్‌లో కనీసం గంట ఖాళీ పెట్టుకోండి.

గోదారిగట్టు:
చాలా థాంక్స్ అండి. ఆమ్‌స్టర్‌డామ్, ఫ్లోరెన్స్ తీసేస్తున్నాం. ఆ 7 గంటలే అమ్మ గురించి ఆలోచనగా ఉంది. రోమ్ బదులు వెనిస్ అయితే?

రైలుపెట్టె:
అయితే గంటలోపే తగ్గుతుంది. మిలాన్ నుంచి వెనిస్ సుమారు రెండున్నర గంటలు. వెనిస్‌కీ గల్ఫ్ ఎయిర్‌లైన్స్ ఉన్నాయి, మల్టీ సిటీలో ఊరు పేరు మార్చి చూడండి. కానీ వెనిస్‌లో టాక్సీ గుమ్మం దాకా రాదు. అడుగడుక్కీ మెట్ల వంతెనలే, పెట్టెలు మోయాలి. వెనిస్ అయితే శాంటా లూసియా స్టేషన్‌కి వంతెన దాటక్కర్లేని వైపు హోటల్ వెతకండి. మోకాళ్ళ నొప్పులుంటే మాత్రం నా ఓటు రోమ్‌కే, రైల్లో కూర్చునే 7 గంటలే నయం.