ఈఎస్‌పీ32: వైఫై ఆన్ చేయగానే మట్టి సెన్సర్ రీడింగ్ కదలట్లేదు, పేజీ కూడా లేటు

మిద్దెతోట_ఉప్పల్:
మా డాబా మీద మిద్దె తోట ఉందండి, టమాట, వంకాయ, గోంగూర కుండీలు. ఎండాకాలం పైకెక్కి నీళ్లు పెట్టాలంటే అరికాళ్లు కాలిపోతున్నాయి, అందుకే ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డుకి మట్టి తేమ చూసే కెపాసిటివ్ సెన్సర్, గాలి వేడి, తేమ చెప్పే డీహెచ్‌టీ22 సెన్సర్, రిలే (బోర్డు నడిపే స్విచ్) మీద చిన్న 12 వోల్ట్ పంపు కలిపా. వెబ్ సర్వర్ బోర్డులోనే నడుస్తుంది, ఇంటి వైఫైలో ఉండి ఫోన్ బ్రౌజర్‌లో బోర్డు ఐపీ అడ్రస్ కొడితే పేజీ వస్తుంది, రీడింగులు, పంప్ ఆన్ ఆఫ్ బటన్లు, అంతే. క్లౌడ్ జోలికి పోదల్చుకోలేదు. విడిగా సీరియల్ మానిటర్‌లో చూస్తే తేమ కరెక్ట్‌గా వస్తోంది, కోడ్‌లో వైఫై కలిపానంటే చాలు తడి మట్టయినా పొడి మట్టయినా ఒకటే నంబర్. మట్టి సెన్సర్ బోర్డు మీది జీపీఐఓ 25 పిన్నుకి ఉంది. బటన్ నొక్కితే పంపు ఒక్కోసారి వెంటనే తిరుగుతుంది, ఒక్కోసారి ఐదు సెకన్ల దాకా ఉలకదు పలకదు. లూప్‌లో (మళ్లీ మళ్లీ నడిచే కోడ్ భాగంలో) డిలే 5000, అంటే ఐదు సెకన్ల ఆగుడు, పెట్టి సెన్సర్లు చదువుతున్నా. సెన్సర్ పోయిందంటారా? మళ్లీ కోఠి గుజరాతీ గల్లీకి పోయి కొత్తది తెచ్చుకోవాలా?

సోల్డర్_పొగ:
పైసలు దండగ చేయకు అన్నా, సెన్సర్ మంచిగనే ఉంది. ఈఎస్‌పీ32ల ఏడీసీలు, అంటే సెన్సర్ వోల్టేజీని నంబర్‌గా మార్చేవి, రెండు ఉంటయ్, 25 ఏడీసీ2 కిందికి వస్తది, దాన్ని వైఫై కూడా వాడుకుంటది కాబట్టి వైఫై నడుస్తున్నంతసేపు ఆ పిన్నుల మీద అనలాగ్ రీడ్ పనిచేయదు. వైరు తీసి 34ల పెట్టు, 32 నుంచి 39 దాక ఏడీసీ1, వాటికి ఈ లొల్లి లేదు. కాకపోతే 34 నుంచి 39 దాక ఇన్‌పుట్‌కే పనికొస్తయ్, రిలే అక్కడ పెట్టకు, ఖాళీ అయిన 25 రిలేకి ఇయ్యి.

ఇగ లేటు సంగతి. డిలే 5000 అంటే ఆ ఐదు సెకన్లు లూప్ అక్కడ్నే నిలబడిపోతది, పేజీ రిక్వెస్టులు చూసే హ్యాండిల్‌క్లయింట్ లైన్ దాక రాదు, నీ బటన్ రిక్వెస్ట్ బయట వెయిటింగ్. డిలే పీకేసి మిల్లిస్‌తో (బోర్డు ఆన్ అయినప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే ఫంక్షన్) టైం చూసుకో. డీహెచ్‌టీ22ని మాత్రం రెండు సెకన్లకి ఒకసారి కంటే ఎక్కువ అడగొద్దు, అది అంతకంటే స్పీడ్‌గా చెప్పలేదు.

కుండీల_కోడర్:
పైవన్నీ కరెక్టే, కానీ నాకు ఇంకో భయం ఉందండి. మీ ఆన్ బటన్ మామూలు లింకా? నొక్కాక అడ్రస్ బార్‌లో పంప్ ఆన్ అని ఉండిపోతుందా? అలాగైతే ఫోన్‌లో ఆ ట్యాబ్ మర్నాడు తెరిచినప్పుడు బ్రౌజర్ తనంతట తాను రీలోడ్ చేస్తుంది, మీరు ఏమీ నొక్కకుండానే పంపు తిరుగుతుంది, మీరు ఆఫీసులో... సారీ, లోకల్ పేజీ కదా, ఇంట్లోనే ఉంటారు, అయినా పైన కుండీలు పొంగుతుంటే కింద ఎవరికి తెలుస్తుంది. ఆన్, ఆఫ్ రెండూ లింకుగా కాకుండా ఫారం బటన్‌తో పోస్ట్ రిక్వెస్ట్‌గా పంపండి. అంతకన్నా ముఖ్యం, ఆఫ్ చేసే బాధ్యత పేజీ మీద పెట్టకండి. ఆన్ అయిన రెండు నిమిషాలకి బోర్డే ఆపేసేలా కోడ్‌లో రాయండి, మధ్యలో వైఫై పోయినా, ఫోన్ చార్జింగ్ అయిపోయినా పంపు ఆగాల్సిందే. నా లెక్కలో పేజీ అందం తర్వాత, ముందు ఇది.

మిద్దెతోట_ఉప్పల్:
34కి మార్చగానే రీడింగ్ కదిలింది!! థాంక్స్ తమ్ముడూ. అవునండి, లింకే పెట్టా, ఇవాళే మార్చేస్తా. ఇంకొక్కటి, కరెంటు పోయి వచ్చాక ఐపీ మారిపోతోంది, మా ఆవిడ పేజీ రావట్లేదని నన్నే తిడుతోంది.

సోల్డర్_పొగ:
రౌటర్ సెట్టింగ్స్‌ల డీహెచ్‌సీపీ రిజర్వేషన్ ఉంటది, బోర్డు మ్యాక్ అడ్రస్ (దాని వైఫై గుర్తింపు నంబర్) ఇచ్చి ఒక ఐపీ ఫిక్స్ చెయ్. ఇంటి నెట్‌వర్క్‌ల ఐపీకి బదులు పేరు వాడనిచ్చే ఎండీఎన్‌ఎస్ పెట్టి తోట డాట్ లోకల్ అని పేరుతో కూడా తెరవొచ్చు కానీ పాత ఆండ్రాయిడ్ ఫోన్లల్ల అది సరిగ్గ నడవదు, వదిన ఫోన్ ఏందో చూసుకో. బోర్డుని గెస్ట్ వైఫైకి మాత్రం కలపకు, చానా రౌటర్లల్ల గెస్ట్‌ల ఉన్నవి ఒకదానికొకటి కనిపియ్యవ్.

కుండీల_కోడర్:
వానలు మొదలయ్యేలోపు మట్టి సెన్సర్ పై భాగంలో చిప్పులున్న చోట, అంచులకి కూడా నెయిల్ పాలిష్ రెండు కోట్లు వేయండి. సెన్సర్ మీదున్న గీత దాకానే మట్టిలో దించాలి, పైన తడి తగిలితే రీడింగులు పిచ్చిపిచ్చిగా వస్తాయి, అప్పుడు మళ్లీ కోడ్‌లో వెతుక్కుంటూ కూర్చుంటారు.