డెట్రాయిట్ మ్యూజియం ట్రిప్, పిల్లల గోడబొమ్మల వర్క్‌షాప్: వాలంటీర్లు కావాలి

సాంస్కృతిక కమిటీ:
అందరికీ నమస్కారం. ఈసారి పిక్నిక్ బదులు మ్యూజియం అనుకున్నాం కదా, పనులు పంచుకుందాం. శనివారం పొద్దున డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్‌లో మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా కార్ల ఫ్యాక్టరీ మీద వేసిన గోడచిత్రాలు చూస్తాం. మధ్యాహ్నం కాంటన్‌లో మనం ఎప్పుడూ తీసుకునే హాల్లో భోజనాలు, వర్క్‌షాప్. వేన్, ఓక్లాండ్, మకోంబ్ కౌంటీల వాళ్లకు మ్యూజియం ప్రవేశం ఉచితం. ఆన్ ఆర్బర్ వాళ్లది వేరే కౌంటీ, టికెట్ కొనాలి. అందుకే పేరు పక్కన కౌంటీ కూడా రాయండి. తెలుగులో చెప్పే గైడ్లు ఇద్దరు, వర్క్‌షాప్‌కు నలుగురు, కార్లు తీసేవాళ్లు ఆరుగురు కావాలి.

ఫుడ్ కమిటీ:
పులిహోర, దద్దోజనం మావి. గైడ్ పని మాత్రం నాకు చెప్పకండి. కిందటేడు పిల్లల్ని తీసుకెళ్తే "ఇది కార్ల ఫ్యాక్టరీయేగా, డాడీ రోజూ వెళ్లేదేగా" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు.

గైడ్ వాలంటీర్:
నా పేరు రాసుకోండి. వదినా, ఆ ప్రశ్నకు జవాబు కాస్త పొడవే. 1932 మార్చి 7న పనులు పోయినవాళ్లు వేలమంది డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ రూజ్ ఫ్యాక్టరీ గేటుకు ఆకలి యాత్రగా నడిచి వెళ్లారు. పోలీసులు, కంపెనీ కాపలావాళ్లు కాల్పులు జరిపారు. ఆ రోజే నలుగురు పోయారు, ఐదో మనిషి తర్వాత పోయాడు. సరిగ్గా మరుసటి నెలలో రివేరా, ఆయన భార్య, చిత్రకారిణి ఫ్రీడా కాలో మన ఊళ్లో దిగారు. కూలీల పక్షం మనిషి, ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ డబ్బుతో ఫోర్డ్ ఫ్యాక్టరీ బొమ్మ వేయడానికి వచ్చాడు! ముందు రెండు గోడలకు 10,000 డాలర్లు అనుకున్నారు. నాలుగు గోడలూ వేస్తానని ఆయన పట్టుబడితే మొత్తం 20,000 దాటింది. అయ్యేసరికి 27 బొమ్మలు.

పిల్లలకు నేను చూపించాలనుకునేది కింద వరసలో ఉన్న చిన్న బొమ్మలు. కార్డు పంచ్ చేయడం దగ్గర్నుంచి జీతం తీసుకునేదాకా కార్మికుడి ఒక్క రోజు, రంగులు లేకుండా బూడిద ఛాయలో. గోడమీద ఉన్నవాళ్లందరికీ పనుంది. గేటు బయట పడిపోయినవాళ్లు మాత్రం ఎక్కడా లేరు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా పడమటి గోడ మీద కార్మికుడి చేతి తొడుగు చూడండి, కమ్యూనిస్టుల ఎర్ర నక్షత్రం ఉంటుంది. డబ్బిచ్చినవాడి ఇంట్లోనే తన గుర్తు పెట్టి వెళ్లాడు.

ట్రెజరర్:
తమ్ముడూ, బాగుంది, కానీ కాల్పుల సంగతి స్టేజీ మీద వద్దు. స్పాన్సర్లలో ఆటో సప్లయర్లు ఇద్దరున్నారు. నాకు అనవసరంగా టెన్షన్.

గైడ్ వాలంటీర్:
అన్నా, ఎడ్సెల్ ఫోర్డ్‌కి లేని టెన్షన్ మీకెందుకు? టీకా వేసే బొమ్మ ఏసు పుట్టుకను ఎగతాళి చేసినట్టుందని చర్చి పెద్దలు గోల పెట్టారు. ఒక పత్రిక మొత్తం సున్నం కొట్టేయమంది. ఎడ్సెల్ మాత్రం చిత్రకారుడి వైపే నిలబడ్డాడు. 1933 ఫిబ్రవరిలో మిషిగన్ బ్యాంకులన్నీ మూతపడ్డప్పుడు కూడా రివేరా పరంజా దిగలేదు, మార్చిలో పూర్తిచేశాడు. ఆ తర్వాత న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్లో తను వేసిన లెనిన్ బొమ్మ చెరిపేయనన్నందుకు అక్కడి స్పాన్సర్లు గోడే పగలగొట్టించేశారు. స్పాన్సర్లందరూ ఒకలా ఉండరు మరి.

సాంస్కృతిక కమిటీ:
స్టేజీ మీద వద్దు, గోడ ముందు నిలబడి చెప్పండి. సరేనా?

ట్రెజరర్:
సరే. దానికి నేను రాను, పార్కింగ్ చూసుకుంటాను.

కార్ల వాలంటీర్:
నాకు కార్ల రేకులు అచ్చుపోసే ప్రెస్ షాపులో పదకొండేళ్ల అనుభవం, 2009 లేఆఫ్‌తో ఆ ఉద్యోగం పోయింది. దక్షిణం గోడ మీద స్టాంపింగ్ ప్రెస్‌ను రివేరా కోట్లిక్యూ అనే, పాతకాలపు మెక్సికో అజ్టెక్ జాతి దేవతలా వేశాడు. పాముల లంగా, పుర్రెల అలంకారం ఉండే అమ్మవారు. నా కంటికి మన కాళికే. దాని ముందు ఎనిమిది గంటలు నిలబడ్డవాడికి ఆ పోలిక వేరే చెప్పక్కర్లేదు. పిల్లలకు ఒక ఆట పెట్టండి: ఇంత ఫ్యాక్టరీలో పూర్తయిన కారు ఎక్కడుందో కనిపెట్టాలి. లైను చివర్న చిన్న ఎర్ర కారు, ఒక్కటే. దొరికినవాళ్లకు చాక్లెట్.

వర్క్‌షాప్ వాలంటీర్:
రివేరా పద్ధతిలోనే చేద్దాం. సహాయకులు ఆ రోజుకు సరిపడా గోడకే సున్నపు గార పూసేవారు. అది తడి ఆరకముందే ఆయన నీళ్లలో కలిపిన రంగు వేసేవాడు. ఆరితే రంగు పట్టదు. చిన్న పలకల మీద మనమూ పూద్దాం.

పెద్దాయన:
బాబూ, సంక్రాంతికి గోడలకు సున్నం కొట్టిన చేతులివి. తడి సున్నం చేతులు కాల్చేస్తుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. పిల్లలకు ఇవ్వొద్దు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలకలు ముందురోజు పోసి పెట్టండి. సున్నం ఎలా పూస్తారో నేనొక్కణ్ణే తొడుగులేసుకుని చూపిస్తా.

సాంస్కృతిక కమిటీ:
మావయ్యగారూ, ఆ అరగంట మీదే. ఇక పలకలు పోయడానికి శుక్రవారం రాత్రి ఎవరి గరాజ్ ఖాళీ? ఆన్ ఆర్బర్ వైపు కార్లు ఇంకా రెండు తక్కువున్నాయి.