శివరాత్రికి నల్లమల నడక: ఫిల్టర్ బాటిల్ ఉంటే ఇక డ్రమ్ముల నీళ్లు దేనికి?

సీమ_నడక:
వచ్చే శివరాత్రికి వెంకటాపురం నుంచి శ్రీశైలం నడిచేవాళ్ల కోసం ఈ చర్చ పెడుతున్నా. నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. ఈ దారి పొడవునా ఏ బండ పక్కన చూసినా ఖాళీ నీళ్ల సీసాలు, పంటితో చించి పారేసిన ప్యాకెట్లు. అది పులులు తిరిగే అడవి. మనం దేవుడి పేరు చెప్పి అందులో చెత్త పోసి వస్తున్నాం.

నేననేది ఒక్కటే. మనిషికో ఫిల్టర్ బాటిల్ తెచ్చుకుందాం. లోపల సన్నటి బోలు దారాల కట్ట ఉంటుంది. ఆ దారాల గోడల్లో రంధ్రాలు 0.1 నుంచి 0.2 మైక్రాన్ల దాకా ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కలరా, టైఫాయిడ్ తెచ్చే బాక్టీరియా వాటిలోంచి దూరలేదు. విరేచనాలు తెచ్చే జియార్డియా అనే పరాన్నజీవి తిత్తులైతే 8 మైక్రాన్లకు పైమాటే. కొలనులో ముంచు, మూత బిగించు, పీల్చు, అంతే. కరెంటు వద్దు, పొయ్యి వద్దు. ఇది చేతిలో ఉంటే ట్రాక్టర్లలో నీళ్లు మోయడం, డ్రమ్ములు పెట్టడం, ప్యాకెట్లు పంచడం అన్నీ ఆపేయొచ్చు.

గుండ్లబ్రహ్మేశ్వరం:
బాగుంది అన్నా. నేనూ కొంటా. ఏది మంచిదో చెప్పు.

నీటి_పరీక్ష:
కొనేముందు ఆగండి. నీళ్లు పరీక్షించే పనిలో చాలాకాలం ఉన్నాను కాబట్టి చెబుతున్నా. 0.1 మైక్రాన్ అంటే 100 నానోమీటర్లు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్ సుమారు 27 నానోమీటర్లు. హెపటైటిస్ ఇ కూడా దాదాపు అంతే. పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్ కాస్త పెద్దది, 70 దాకా ఉంటుంది, అదీ దూరిపోతుంది.

హిమాలయాల్లో మనిషి అడుగు పడని ఎత్తున మంచు కరిగి పారే వాగుకు ఈ బాటిల్ బాగా సరిపోతుంది. ఈ వైరస్‌లు మనిషి మలంలోంచి నీళ్లలోకి వస్తాయి, అక్కడ మనుషులే ఉండరు. శివరాత్రికి భీముని కొలను అలాంటిదా? వేలమంది స్నానాలు చేస్తారు, అంతమందీ పొదల చాటుకు వెళ్లేది ఆ చుట్టుపక్కలే. ఏడాదిలో ఆ నీళ్లు అన్నిటికంటే చెడ్డగా ఉండే రోజుల్లోనే మీరు వాటిని తాగమంటున్నారు.

బాటిల్ తెచ్చుకోండి, కానీ క్లోరిన్ మాత్ర కూడా పెట్టుకోండి. పీల్చే రకం బాటిల్‌లో వడకట్టిన నీళ్లు నేరుగా నోట్లోకే వస్తాయి కాబట్టి మాత్ర ముందే వేసి, అరగంట ఆగి, అప్పుడు పీల్చాలి. మాత్ర ఉంది కదా అని ఫిల్టర్ మానేయకూడదు. విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కు లొంగదు, దాన్ని ఆపాల్సింది ఫిల్టరే. వైరస్‌ను కూడా పట్టే బాటిళ్లు ఉన్నాయి గానీ ధర చాలా ఎక్కువ.

కోన_కుర్రోడు:
మేం చిన్నప్పటి నుంచి వాగులో చెలమ తీసుకుని తాగినోళ్లమే. ఏం కాలేదు. ఇసకే ఫిల్టర్.

నల్గొండ_బిడ్డ:
ఫ్లోరైడ్ సంగతి ఎవ్వరూ మాట్లాడరేంది? మా నాయన నడుం వంగిపోయింది ఫ్లోరైడ్ నీళ్లు తాగి. పట్నంల ఒక దుకాణపాయన గీ బాటిల్ చూపెట్టి, దీంట్ల పోస్తే ఫ్లోరైడ్ కూడా పోతదని చెప్పి అంటగట్టిండు. నాయన నమ్మి అదే బోరు నీళ్లు ఇంకా తాగిండు. ఫ్లోరైడ్ నీళ్లల్ల కరిగి ఉంటది, ఏ జల్లెడకూ చిక్కదు. మరగబెడితే నీళ్లు ఆవిరైతయి, ఫ్లోరైడ్ మిగిలి ఇంకా చిక్కనైతది. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి అని మా జిల్లా పేరు మీదనే ఒకటుంది, అది వేరే పని. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. గిది చెప్పకుండ బాటిల్ కొనుండ్రి అంటే నేను ఊకోను.

సీమ_నడక:
అన్నా, నీ బాధ అర్థమైంది. కానీ ఇక్కడ మాట్లాడేది రెండు మూడు రోజుల నడక గురించి. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగితే వచ్చే జబ్బు. భీముని కొలను బోరు నీళ్లు కాదు.

నల్గొండ_బిడ్డ:
నువ్వు రాసింది చదివి మా ఊర్ల ఎవరో ఇంట్ల వాడుకుంటరు. వాళ్లకెవరు చెప్తరు? మొదటి పోస్టుల ఒక లైను పెట్టు.

ఆత్మకూరు_పావని:
మా తమ్ముడు ఇదే దారిలో ఇదే రకం బాటిల్ పట్టుకుని నడిచి వచ్చాడు. వచ్చిన నెలకు కామెర్లు. ఆస్పత్రి మంచం మీద కళ్లు పసుపుముద్దలై పడుకున్నాడు, ఆ ఏడు డిగ్రీ పరీక్షలు పోయాయి. హెపటైటిస్ ఎ అన్నారు. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, ఎక్కడ నీళ్లు తాగావని. వాడు గొప్పగా చెప్పాడు, ఫిల్టర్ నీళ్లే తాగానని. బాటిల్‌ను కొలనులో మొత్తం ముంచేవాడట. మూత చుట్టూ, మూతి చుట్టూ అవే నీళ్లు. దాన్నే నోట్లో పెట్టుకునేవాడు. ఇంత చిన్న సంగతి ఆ డబ్బా మీద ఎక్కడా పెద్దక్షరాల్లో లేదు.

సీమ_నడక:
అక్కా, మీ తమ్ముడికి అలా కావడం నాకు బాధగానే ఉంది. కానీ అది నీళ్ల వల్లే అని ఎలా చెప్తారు? దారిలో అన్నదానాల్లో తిని ఉండొచ్చు. పచ్చడి వేసిన చెయ్యి ఎవరిదో. హెపటైటిస్ ఎ తిండి ద్వారా కూడా వస్తుంది.

ఆత్మకూరు_పావని:
రావచ్చు. మరి మీ బాటిల్ వల్ల రాలేదని మీరు ఎలా చెప్తారు?

కోన_కుర్రోడు:
చెలమకు సమాధానం ఎవరూ చెప్పలేదు.

నీటి_పరీక్ష:
చెలమ మంచిదే, పైన పారే నీళ్లకంటే ఎంతో మేలు. ఇసక బురదను, పురుగును, కొంత బాక్టీరియాను ఆపుతుంది. చిల్లగింజ అరగదీసి కడవలో కలిపినా బురద అడుక్కి దిగుతుంది, ఆ తేట నీళ్లు పోసుకుంటే మీ ఫిల్టర్ త్వరగా మూసుకుపోదు. కానీ వైరస్‌ను రెండిట్లో దేన్నీ నమ్మి వదిలేయలేం. గట్టుకు పది అడుగుల దూరంలో ఎవరో కూర్చుని వెళ్లి ఉంటే, చెలమలోకి ఊరేది అదే.

పెద్దసారు:
పిల్లలూ, నేను రాయలసీమలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. మీలో చాలామంది నారికురుపు పేరు కూడా విని ఉండరు. కాలి చర్మం బొబ్బలెక్కి పగిలి, మూరెడుకు పైగా పొడవున్న పురుగు బయటికి వచ్చేది. పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగేవాళ్లు, తెగితే కాలంతా చీము. దిగుడుబావిలోకి దిగి నీళ్లు ముంచుకునే ఊళ్లలోనే అది ఉండేది. పురుగు ఉన్న కాలు నీళ్లలో పెడితే ఆ పురుగు తన పిల్లల్ని వదిలేది, వాటిని సైక్లోప్స్ అనే చిన్న జీవులు మింగేవి, ఆ నీళ్లు తాగినవాడికి వచ్చే ఏడు పురుగు. 1980ల్లో ఇల్లిల్లూ తిరిగి నీళ్లు గుడ్డతో వడగట్టుకోమని చెప్పాం. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో వచ్చింది. 2000లో భారత్‌లో నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. సూడాన్‌లో ఇదే జబ్బుకు, మెడలో వేలాడేసుకుని పీల్చే గొట్టం ఫిల్టర్లు లక్షల్లో పంచారు. కాబట్టి వడపోతను తేలిగ్గా తీసిపారేయకండి.

సీమ_నడక:
చూశారా! ప్రతి మనిషి చేతిలో ఒక వడపోత. అంత పెద్ద జబ్బు దానితోనే పోయింది. నేను మొదటి నుంచీ చెప్పేది అదే.

బావి_గిలక:
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా. ఇక ఊరుకోలేను.

పెద్దసారూ, గుడ్డ సంగతి చెప్పారు సరే. దిగుడుబావుల మెట్లు మూయించి, గిలక పెట్టించి, ఊరూరా బోరింగులు వేయించింది కూడా చెప్పండి. కాలు నీళ్లలో పడకుండా చేశాక కదా ఆ పురుగు వంశం తెగింది.

సీమ_నడక తమ్ముడూ, వైరస్ లెక్కలు, చెలమలు నాకు అక్కర్లేదు. నీ పోస్టు పైన రాసిన మాట దగ్గరికే వస్తా. డ్రమ్ముల నీళ్లు దేనికి అన్నావు. మా ఊరివాళ్లం శివరాత్రికి ఆ దారిలో డ్రమ్ములు పెడతాం. మా తాత చలివేంద్రం పెట్టాడు, మా నాయన పెట్టాడు, మేం పెడుతున్నాం. పోయినేడాది చందాలకు పోతే ఒక పెద్దమనిషి నీ మాటే అన్నాడు. ఇప్పుడంతా ఫిల్టర్ సీసాలు తెచ్చుకుంటున్నారంట కదా, ఇంక నీళ్లెందుకు అని. చందా సగానికి కోశాడు. రెండు చోట్ల డ్రమ్ములు తగ్గించాం. ఆ ఎండలో భీముని కొలను లోయ దిగి కైలాసద్వారం మెట్లెక్కే ముసలోళ్లు, నెత్తిన మూట, చంకలో బిడ్డ, కాళ్లకు చెప్పుల్లేవు. నీ బాటిల్ మూడు వేలు. కూలికి పోయే మనిషి అన్ని వేలు పెట్టి సీసా కొంటాడా? ఉగాదికి కన్నడ దేశం నుంచి నడిచొచ్చేవాళ్లకు ఎండ ఇంకా ఎక్కువ, వాళ్లకు ఈ చర్చ ఎవరు చదివి వినిపిస్తారు?

నువ్వు తెచ్చుకో, తాగు, ఎవరూ వద్దనరు. పక్కవాడి నీళ్ల మీద చెయ్యి వేయొద్దు.

గుండ్లబ్రహ్మేశ్వరం:
అన్న చెప్పింది న్యాయం.

సీమ_నడక:
నేను ఎవరి నీళ్ల మీదా చెయ్యి వేయలేదు. మీ డ్రమ్ముల గురించి కూడా చెప్పమంటారా? పైన మూత ఉండదు. గొలుసు కట్టిన గ్లాసు ఒకటి, వందమంది అదే నోట్లో పెట్టుకుని మళ్లీ అందులోనే ముంచుతారు. అడుగున పాచి. పోయిన ట్రిప్పు నీళ్లు పారబోయకుండానే కొత్తవి పోస్తారు. కొలను నీళ్లలో వైరస్ ఉందని నామీద పడ్డవాళ్లు డ్రమ్ములో లేదని ఎలా నమ్ముతున్నారు? పావని అక్క తమ్ముడు ఎక్కడో ఒకచోట డ్రమ్ము నీళ్లు తాగి ఉండడా?

అసలు నా బాధ అది కూడా కాదు. ఆ ట్రాక్టర్లు. డ్రమ్ము కోసం ట్రాక్టర్ దారి, ట్రాక్టర్ వచ్చింది కాబట్టి దాని వెనక అంగడి, అంగడి వచ్చింది కాబట్టి ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, మైకులు. ఏటా అడవిలోకి ఇంకొంచెం లోపలికి వస్తున్నాయి. నడిచేవాడు తన నీళ్లు తనే చూసుకుంటే ఆ బండ్లన్నీ నాగలూటి దగ్గరే ఆగిపోతాయి. నాకు కావలసింది అది.

బావి_గిలక:
ఇప్పుడు చెప్పావు అసలు మాట. నీకు బాటిల్ ముఖ్యం కాదు, బండి రాకూడదు. బండి రాకపోతే ఆ దారిలో ఎవరు నడవగలరో ఆలోచించు. కాళ్లలో సత్తువ ఉన్న నీలాంటి కుర్రాళ్లు. ఆ యాత్ర మీ ఒక్కరిదే అవుతుంది.

సీమ_నడక:
బండి వస్తూనే ఉంటే ఇరవై ఏళ్లకు నడవడానికి అడవే ఉండదు. అప్పుడు ఎవరి యాత్ర?

నీటి_పరీక్ష:
మీరిద్దరూ కాస్త ఆగితే, తేలగలిగిన సంగతి ఒకటుంది. డ్రమ్ము నీళ్లు శుభ్రమా కాదా అనేది కొట్లాడి తేల్చాల్సిన పని లేదు, కొలవొచ్చు. తాగునీటిలో మిగులు క్లోరిన్, అంటే వేసినదాంట్లో ఇంకా నీళ్లలో మిగిలి ఉన్నది, లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. వైరస్ భయం ఉన్నచోట 0.5 ఉండాలి. ఇది మన దేశపు తాగునీటి ప్రమాణంలోనే రాసి ఉంది. పంచాయతీల్లో వాడే క్లోరోస్కోప్ డబ్బా ఒకటి చాలు. నీళ్లలో చుక్కలు వేస్తే పసుపు తిరుగుతుంది, ఆ రంగును పక్కన పట్టీతో పోల్చుకోవాలి. మూత బిగించి, కింద కుళాయి ఉన్న డ్రమ్ములు పెట్టి, ఉదయం, సాయంత్రం ఇలా చూసుకుంటే ఆ నీళ్లు మాత్ర వేయని ఫిల్టర్ బాటిల్ నీళ్లకంటే మంచివి. ఇది నా అభిప్రాయం కాదు, క్లోరిన్ వైరస్‌ను చంపుతుంది, ఆ దారాల కట్ట చంపదు.

ట్రాక్టర్ ఎంతవరకు రావాలన్నది నా డబ్బాతో తేలేది కాదు.

బావి_గిలక:
కుళాయి డ్రమ్ములు పెట్టిస్తాం. గొలుసు గ్లాసు తీసేస్తాం. ఎవరి చెంబులో, ఎవరి సీసాలో వాళ్లు పట్టుకుంటారు. ఆ పసుపు చుక్కల డబ్బా ఎక్కడ దొరుకుతుందో చెప్పండి సార్. పెచ్చెరువు దగ్గర డ్రమ్ము మాత్రం తీయం.

సీమ_నడక:
పెచ్చెరువు దాటి ట్రాక్టర్ రాకూడదని నేను అటవీ శాఖకు అర్జీ పెడతా. సంతకాలు పెట్టేవాళ్లు చెప్పండి.

నల్గొండ_బిడ్డ:
మొదటి పోస్టుల ఫ్లోరైడ్ లైను ఇంకా పెట్టలే.

ఆత్మకూరు_పావని:
మా అమ్మ తమ్ముడికి నయమైందని వచ్చే శివరాత్రికి నడుస్తానని మొక్కుకుంది. ఆమెకు గట్టిగా పీల్చే ఓపిక లేదు. మాత్ర వేస్తే వాసన అంటుంది, తాగదు. వద్దంటే వినదు. కైలాసద్వారం మెట్ల దగ్గర ఆమె చేతికి ఏ నీళ్లు ఇవ్వాలో మీరిద్దరూ చెప్పండి.

బావి_గిలక:
మా డ్రమ్ము నీళ్లు ఇవ్వమ్మా. మెట్ల కిందే ఉంటాం. నేనే పట్టిస్తా.

సీమ_నడక:
పీల్చక్కర్లేదక్కా, చేత్తో నొక్కితే వచ్చే రకం ఉంది. నింపేటప్పుడు మూతి తడవనివ్వకండి. మాత్ర వేసి అరగంట ఆగి, మీరు నొక్కి గ్లాసులో పోసి ఇవ్వండి. లోపల బొగ్గు ఉన్న ఫిల్టర్ తీసుకుంటే మాత్ర వాసన చాలావరకు పోతుంది. నాది ఇస్తా, కొనొద్దు.