క్వీన్స్‌క్లిఫ్ మారిటైమ్ మ్యూజియం: పోర్టులో పనిచేసిన నాన్నని తీసుకెళ్లొచ్చా?

మల్కాపురం_అబ్బాయి
అందరికీ నమస్కారం. మేం మెల్‌బోర్న్ పడమర వైపు, తార్నీట్‌లో ఉంటాం. అమ్మానాన్న మూడు నెలలకని వైజాగ్ నుంచి వచ్చారు. అమ్మకి మనవరాలితో పొద్దు తెలియడం లేదు. నాన్నతోనే ఇబ్బంది. ఆయన వైజాగ్ పోర్టులో, పెద్ద ఓడల్ని లాగే టగ్గుల మీద ముప్పై ఏళ్లు పనిచేశారు. ఇక్కడ పొద్దున్నే లేచి వీధి చివరిదాకా నడిచొచ్చి సోఫాలో కూర్చుంటారు. సిటీ, జూ, గ్రేట్ ఓషన్ రోడ్ అన్నీ చూపించాం. దేన్ని చూసినా "బాగుంది" అంటారు, అంతే. ఒక్కసారి మాత్రం, దూరంగా పోతున్న ఓడని చూసి "వీళ్లకి పైలట్ ఎక్కడ ఎక్కుతాడురా?" అన్నారు. పైలట్ అంటే ఓడకి రేవులోకి దారి చూపే మనిషి. ఎక్కడ ఎక్కుతాడో నాకు తెలియలేదు. ఇంటికొచ్చి వెతికితే, పోర్ట్ ఫిలిప్ అఖాతం ముఖం దగ్గరున్న క్వీన్స్‌క్లిఫ్ అనే ఊరే పైలట్ల స్థావరమని, అక్కడ వాలంటీర్లు నడిపే మ్యూజియం ఉందని తెలిసింది. ఎవరైనా వెళ్లారా? ఆయనకి మోకాళ్ల నొప్పి, ఎక్కువసేపు నిలబడలేరు. ఇంగ్లీషూ అంతంత మాత్రమే.

జిలాంగ్_అక్క
తప్పకుండా తీసుకెళ్లు తమ్ముడూ. మీ ఇంటి నుంచి జిలాంగ్ మీదుగా గంటా పావు, గంటన్నర ప్రయాణం. మ్యూజియం హార్బర్ పక్కనే, వార్ఫ్ స్ట్రీట్‌లో ఉంది. పెద్ద భవనాన్ని ఊహించుకోకు, చిన్నదే. నేను మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఇరవై నిమిషాల్లో చూసేసి బయటికొచ్చాను, అందులో ఏముందో నాకేమీ ఎక్కలేదు. రెండోసారి అక్కడ కూర్చున్న పెద్దాయన్ని ఒక ప్రశ్న అడిగాను, రెండు గంటలు గడిచిపోయాయి. ఆ మ్యూజియంలో అసలు వస్తువులు ఆ మనుషులే. నాన్నగారికి ఇంగ్లీషు రాదని వెనకాడకు, మధ్యలో నువ్వుంటావుగా.

వెరిబీ_లక్ష్మి
ఒక్క మాట. మేం పిల్లల్ని వెంటేసుకుని వెళ్లేసరికి తలుపులు మూసి ఉన్నాయి. పొరపాటు మాదే, ఏ రోజుల్లో, ఏ గంటల్లో తెరుస్తారో చూసుకోలేదు. జీతానికి పనిచేసేవాళ్లు కాదు కదా, ఎవరో ఒకరు ఇంటి పని మానుకుని వచ్చి కూర్చుంటేనే తలుపు తెరుచుకుంటుంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.
ఆ రోజు పిల్లల ఏడుపు మాన్పడానికి సొరెంటో వెళ్లే ఫెర్రీ ఎక్కించాం. అవతలి ఒడ్డుకి నలభై నిమిషాలు. దారిలో డాల్ఫిన్లు కనిపించాయి.

నీలిఅల
అన్నా, మీ నాన్నగారి ప్రశ్నకి నేను జవాబు చెబుతాను. నేను మర్చంట్ నేవీలో ఉన్నాను, ఇక్కడికి రెండుసార్లు కంటైనర్ షిప్‌లో వచ్చాను. పైలట్ ఎక్కేది అఖాతం బయట, నడిసముద్రంలో. క్వీన్స్‌క్లిఫ్ నుంచి నారింజ రంగు లాంచీ ఆయన్ని తీసుకొస్తుంది. మేం ఓడని కొంచెం తిప్పి గాలికి అడ్డు పెడతాం, ఆ చాటున ఓడ పక్కన నీళ్లు కాస్త నెమ్మదిస్తాయి. తాళ్లకి చెక్క మెట్లు కట్టిన నిచ్చెన కిందికి వదులుతాం. లాంచీ అల మీద పైకి లేచిన క్షణంలోనే పైలట్ నిచ్చెన అందుకోవాలి. ఆలస్యమైతే లాంచీ కిందికి జారుతుంది, మళ్లీ లేచినప్పుడు కాళ్లకి తగులుతుంది. నీటి మట్టం నుంచి ఎక్కాల్సిన ఎత్తు 9 మీటర్లు దాటితే తాడు నిచ్చెనొక్కటే సరిపోదు, దానికి జతగా ఓడ పక్కన వాలుగా దించే మెట్లూ ఉండాలని అంతర్జాతీయ నిబంధన. మీ నాన్నగారికి ఇవన్నీ కొట్టినపిండే అయ్యుంటాయి.

లోపలికి రావడమే అసలు పరీక్ష. అఖాతం విస్తీర్ణం దాదాపు 1,950 చదరపు కిలోమీటర్లు. ఆ నీళ్లన్నీ పాయింట్ లాన్స్‌డేల్, పాయింట్ నేపియన్ మధ్య ఉన్న మూడున్నర కిలోమీటర్ల సందులోంచే వచ్చిపోవాలి. దాన్ని రిప్ అంటారు. అందులోనూ రెండు పక్కలా రాతి దిబ్బలే. పెద్ద ఓడలు నడిచే దారి వెడల్పు 245 మీటర్లు. మా ఓడ పొడవే దానికంటే ఎక్కువ. చుక్కాని ఉండే గదిలో, అంటే వీల్‌హౌస్‌లో, ఎవరూ మాట్లాడరు, పైలట్ చెప్పే డిగ్రీ, దాన్ని తిరిగి చెప్పే చుక్కానివాడి గొంతు తప్ప ఏమీ వినపడదు.

గోదారి_మొగ
మాది ఉప్పాడ వైపు. నీలిఅల గారూ, ఒక సందేహం. మా ఇళ్లల్లో మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటాలంటే పోటు చూసుకునే బయల్దేరేవారు. అక్కడ కూడా పోటు నిండాక నీళ్లు నిలుస్తాయా?

నీలిఅల
అక్కడే తేడా అండీ. సన్న మూతి ఉన్న కుండని నీళ్లలో ముంచితే వెంటనే నిండదు కదా. బయట సముద్రం నిండు పోటులో ఉన్నా, లోపల అఖాతం ఇంకా వెలితిగానే ఉంటుంది. అందుకని బయట పోటు తిరిగాక కూడా సుమారు మూడు గంటలు నీళ్లు లోపలికే పరిగెడతాయి. ఆ తర్వాతే కాసేపు నిలకడ. ఆటుకీ ఇంతే, తీయడం మొదలైతే చాలాసేపు తీస్తూనే ఉంటుంది. అలా బయటికి లాగే నీటికి నైరుతి నుంచి వచ్చే పెద్ద అలలు ఎదురైతే నీళ్లు గోడల్లా లేస్తాయి. తెలియనివాళ్లు పోటు పట్టిక చూసి "ఇప్పుడు ప్రశాంతంగా ఉంటుంది" అనుకుని వస్తారు. పైలట్లు అవసరమయ్యింది ఇందుకే.

పాతకాగితాలు
చరిత్ర సంగతి నేను కొంచెం కలుపుతాను. 1839లో జార్జ్ టోబిన్ అనే ఆయన ఇక్కడ మొదటి లైసెన్సు పైలట్. అప్పటికి ఊరి పేరు షార్ట్‌లాండ్స్ బ్లఫ్. 1853లో విక్టోరియా రాణి పేరు మీద క్వీన్స్‌క్లిఫ్ అయింది. మొదట్లో పైలట్లు తెడ్లు వేసే పడవల్లోనే ఓడల దగ్గరికి వెళ్లేవారు. 1850ల్లో బంగారం కోసం జనం ఓడల్లో వచ్చి పడ్డాక ఊరు పెరిగింది. ఊళ్లో రెండు లైట్‌హౌస్‌లు ఉన్నాయి, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. సముద్రంలోంచి చూసేవాడికి ఆ రెండు దీపాలూ ఒకదాని మీద ఒకటి వరసగా కనిపిస్తే దారి సరిగ్గా ఉన్నట్టు. నల్లదానికి రంగు వేయలేదు, అది రాతి రంగే.

పైలట్ల కథల్లో నాకు మరిచిపోలేనిది ఒకటుంది. 1914 ఆగస్టు 5న ఫాల్జ్ అనే జర్మన్ ఓడ మెల్‌బోర్న్ నుంచి బయటికి పోతోంది. ఓడని నడిపే చోట, అంటే బ్రిడ్జి మీద, మన పైలట్ రాబిన్సన్. సరిగ్గా అప్పుడే యుద్ధం మొదలైందని కబురొచ్చింది. ఫోర్ట్ నేపియన్ నుంచి ఓడ ముందుకి ఒక గుండు పేల్చారు. బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున ఆ యుద్ధంలో పేలిన మొదటి గుండు అదేనంటారు. ఆగకుండా పోనిమ్మని జర్మన్ కెప్టెన్, వెనక్కి తిప్పమని పైలట్, ఇద్దరూ బ్రిడ్జి మీదే పెనుగులాడారు. చివరికి ఓడ తిరిగింది. చేతిలో ఆయుధం లేని మనిషి ఆ పని చేశాడు. క్వీన్స్‌క్లిఫ్ వెళితే ఆ మలుపు తిరిగిన నీళ్లని ఒడ్డు నుంచే చూడొచ్చు.

జిలాంగ్_అక్క
మ్యూజియంలో అందరూ ఆగేది లైఫ్‌బోట్ దగ్గర. పేరు కూడా క్వీన్స్‌క్లిఫ్ అనే. 1926 నుంచి 1976 దాకా యాభై ఏళ్లు పనిచేసింది. దాని మీద వెళ్లినవాళ్లు ఎక్కువగా ఊళ్లోని జాలర్లే. పొద్దున వల లాగిన చేతులే రాత్రి ప్రమాదం కబురు వస్తే ఆ పడవెక్కేవి. అది ఉండే షెడ్డు ఇప్పటికీ ఊరి పాత పియర్ మీద, అంటే ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన వంతెన లాంటి దాని మీద ఉంది. ముందు మ్యూజియంలో పడవని చూసి, తర్వాత పియర్ మీదికి నడిస్తే అది ఏ వాలు మీంచి నీళ్లలోకి జారేదో కళ్లకి కడుతుంది.

కూటా పడవల గురించీ చెప్పాలి. బారకూటా చేపల కోసం తెరచాపలు కట్టుకుని అదే రిప్ దాటి వెళ్లేవారు. ముందు ఒడ్డు చేరినవాడి చేపకే ధర. అందుకని వేగంగా పరిగెత్తేలా, అదే సమయంలో అలకి తట్టుకునేలా ఆ పడవల్ని మలిచారు. ఆ చెక్క పని దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను.

గోదారి_మొగ
అక్కా, ఇది చదువుతుంటే మనసు భారంగా ఉంది. పాతకాగితాలు గారు 1839 అన్నారు. అదే ఏడాది నవంబరులో మన కోరంగిని ఉప్పెన ముంచేసింది. ఓడలు కట్టిన రేవు, ప్రపంచమంతా తెలిసిన పేరు, మళ్లీ లేవలేదు. మా తాతకి నక్షత్రాలు, నీటి రంగు, గాలి వాసన చూసి మొగ ఎక్కడుందో చెప్పడం తెలుసు. ఆయన ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. తెప్ప, తెడ్డు, వల అల్లే కొయ్య, ఒక్కటీ మిగల్లేదు. మా ఊళ్లో ఒక గది ఉండి, ఇద్దరు ముసలాళ్లు కూర్చుని వచ్చినవాళ్లకి చెప్పి ఉంటే ఎంత బాగుండేది. క్వీన్స్‌క్లిఫ్ వాళ్లు ఆ పని చేశారు. నాకు వాళ్ల మీద నిజంగా గౌరవం.

జిలాంగ్_అక్క
అది అంత తేలిక పని కాదురా. నేను వేరే చిన్న మ్యూజియంలో రెండేళ్లు వాలంటీరుగా చేశాను. జనానికి కనిపించేది టికెట్ బల్ల దగ్గర కూర్చోవడమే. వెనకాల పని వేరు. ఎవరో చనిపోతే ఇంట్లోవాళ్లు పెట్టెలు తెచ్చి ఇస్తారు. ప్రతి వస్తువుకీ నంబరు వేయాలి, ఎవరిది, ఎక్కడిది, ఏ ఏడాదిది రాయాలి. సముద్రంలోంచి తీసిన ఇనుములో ఉప్పు దాగి ఉంటుంది, పట్టించుకోకపోతే పొరలు పొరలుగా రాలిపోతుంది. తడి ఆరిన చెక్క పగులుతుంది. ఫొటో వెనక పేరు రాయకపోతే, గుర్తుపట్టే మనిషి పోయిన రోజున ఆ ఫొటో కూడా పోయినట్టే. అన్నిటికంటే పెద్ద టెన్షన్, చేసేవాళ్లంతా డెబ్బై దాటినవాళ్లే కావడం. మనలాంటివాళ్లు నెలకి ఒక్క పూట ఇవ్వగలిగితే వాళ్లకి పెద్ద ఆసరా. విక్టోరియాలో పిల్లలు వచ్చే చోట పనిచేయాలంటే కావలసిన వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్, అంటే మన గత చరిత్ర పరిశీలన, వాలంటీర్లకి ఉచితమే.

మల్కాపురం_అబ్బాయి
ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్పినందుకు ధన్యవాదాలు. ఫోన్ చేసి కనుక్కుని, నిన్ననే వెళ్లొచ్చాం. జరిగింది రాస్తున్నాను.

లోపలికెళ్లగానే నాన్న లైఫ్‌బోట్ దగ్గరికి వెళ్లిపోయారు. చుట్టూ తిరిగారు, వంగి అడుగు భాగం చూశారు. అక్కడున్న పెద్దాయనకి ఎనభై ఉంటాయేమో, కుర్చీ తెచ్చి వేశారు. నాన్న కూర్చోలేదు. "దించేటప్పుడు ఆరియా అని ఎవరు చెప్పేవారు?" అని అడగమన్నారు. ఆరియా అంటే మన డాక్‌లో "దించు" అని. నేను ఇంగ్లీషులో చెప్పడానికి తడుముకుంటుంటే నాన్నే చేతులతో చూపించారు. పెద్దాయనకి వెంటనే అర్థమైంది. ఆ తర్వాత నా అవసరం పెద్దగా రాలేదు. హీవింగ్ లైన్, బొలార్డ్, స్టర్న్, ఫెండర్, ఇద్దరికీ వచ్చిన మాటలు అవే, అవి సరిపోయాయి. తాడు ముక్క ఒకటి తీసుకుని ఒకరు వేసిన ముడి ఇంకొకరు విప్పి, తమ పద్ధతిలో మళ్లీ వేశారు. మా నాన్న అంత మాట్లాడటం నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను.

ఇంకోటి. ఓజోన్ అనే పాత పాడిల్ స్టీమర్‌ని 1925లో ఇండెంటెడ్ హెడ్ దగ్గర అలలకి అడ్డుగా ముంచారని ఆ పెద్దాయన చెప్పారు. నాన్న వెంటనే "మా దగ్గరా అంతే, జానస్, వెలెడన్" అన్నారు. వైజాగ్ హార్బర్ ముఖం కట్టేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ కింద ముంచిన రెండు ఓడలట అవి. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి నిన్ననే తెలిసింది, అదీ క్వీన్స్‌క్లిఫ్‌లో. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకి నన్ను ఎన్నోసార్లు తీసుకెళ్లిన మనిషి, తన హార్బర్ గురించి ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం పియర్ మీద బెంచీలో కూర్చున్నాం. నారింజ లాంచీ బయటికి పోయింది. నాన్న కళ్లు చిట్లించి దాన్నే చూస్తూ, "నీళ్లు ఇంకా తీస్తున్నాయి, అందుకే ముక్కు అంత లేస్తోంది" అన్నారు. అది కనుచూపు దాటేదాకా లేవలేదు.

టగ్గుల మీద పనిచేసినప్పటి ఫొటోలు ఉంటే తెమ్మని పెద్దాయన అడిగారు. రాత్రే తమ్ముడికి ఫోన్ చేశాం, బీరువాలోని ఆల్బమ్ ఫొటోలు తీసి పంపుతున్నాడు. నాన్న ఒక్కొక్క ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. వచ్చే ఆదివారం తెరిచి ఉంటుందని కనుక్కున్నాను, మళ్లీ వెళుతున్నాం. కారులో రెండు సీట్లు ఖాళీ. గోదారి_మొగ గారూ, మీరు మెల్‌బోర్న్‌లోనే ఉంటే రండి.

గోదారి_మొగ
నేను డాండెనాంగ్‌లో ఉంటానండి. మీ ఇంటికి ఎన్నింటికి రమ్మంటారు?